శాంపిల్ చాలలేదు

“మన జిల్లా నీళ్లల్లో ఈదే ప్రతి చేపా సంపూర్ణ ఆరోగ్యంతో ఉందని ప్రభుత్వం తరఫున ప్రకటిస్తున్నాను! అనుమానం ఉన్నవాళ్లు చేపకి కాదు, ముందు తమ బుర్రకి పరీక్ష చేయించుకోవాలి!”

మంచినీటి చేపల ఆరోగ్య పర్యవేక్షణ విభాగం, అంటే జనం నోట చేపల ఆఫీసు, అందులో అసిస్టెంట్ డైరెక్టర్ వెంకటకృష్ణారావు గారు బెజవాడలో టీవీ మైకుల ముందు ఈ మాట సెలవిచ్చారు. వెనకాల అటెండర్ కిరీటి చప్పట్లు కొట్టాడు. కొట్టమని ఎవరూ చెప్పలేదు, పదహారేళ్ల సర్వీసు కదా!

అసలు గొడవేమిటంటే, బెజవాడకు పైన కొండల మొదట్లో నల్లగట్టుపాలెం అని ఒక ఊరుంది. ఊరికొక చెరువు. ఆ చెరువులో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు నూటపాతిక. కొండమీద గిరిధన మినరల్స్ అనే కంపెనీ గని తవ్వి, రాయి కడిగి, ఆ కడుగునీళ్లు వాగులోకి వదిలేది. వాగు తిన్నగా చెరువులోకే వస్తుంది. నీళ్లతో పాటు సీసం, కాడ్మియం కూడా వచ్చి చేపల ఒంట్లో చేరుతున్నాయని, ఆ నీళ్లు ఆపించి తమ చెరువును బతికించమని చేపలవాళ్ల సంఘం పెద్ద ఆమోసు అర్జీ పట్టుకొచ్చాడు. ఇది మూడేళ్ల కిందటి మాట.

“ఏమయ్యా ఆమోసూ, సీసం సీసం అని నోటిమాటగా అంటే సరిపోతుందా? ప్రభుత్వానికి సాక్ష్యం కావాలి. శాంపిల్ ఏదీ?” అన్నారు వెంకటకృష్ణారావు గారు.

“తెచ్చానండయ్యా,” అని ఆమోసు గోనెసంచి విప్పాడు. ఐసు మధ్య అయిదు కిలోల బొచ్చె చేప, పెళ్లికొడుకులా మెరుస్తోంది.

వెంకటకృష్ణారావు గారి నోట్లో నీళ్లూరాయి. ఆయన పుట్టింది కృష్ణ ఒడ్డున. చేప తలకాయ పులుసంటే ప్రాణం పెట్టే వంశం. అయినా ఆయన ఆశతో ఆ చేపను ఇంటికి పట్టుకెళ్లారనుకుంటే పాపం తగులుతుంది. ఆయన పట్టుకెళ్లింది రూల్సు ప్రకారం. శాంపిల్ చెడిపోకూడదు. ఆఫీసులో ఫ్రిజ్ లేదు. కాబట్టి అధికారి ఇంట్లో ఫ్రిజ్‌లో భద్రపరచాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులుంటే చేప రుచి పోతుంది. కాబట్టి వండాలి. వండాక పారేస్తే ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగం అవుతుంది. కాబట్టి తినాలి. ఇందులో తప్పెక్కడుందో మీరే చెప్పండి!

ఆయన భార్య ఛాయాదేవి గారు గురూపదేశం తీసుకున్నాక నీచు తినడం మానేశారు గానీ వండడం మానలేదు. ఇంట్లో తినే నోరు ఒక్కటే. ఆ ఒక్క నోరూ తలకాయ, గుడ్ల జన, కార్జం, ఏదీ వదిలేది కాదు. ముళ్లు కూడా చప్పరించి పక్కన పెట్టేది.

మరి లాబొరేటరీకి ఏం పంపాలి? ముళ్లు పంపితే బాగుండదు. వెంకటకృష్ణారావు గారి బావమరిదికి చల్లపల్లి దగ్గర చేపల చెరువులున్నాయి. తవుడూ చెక్కా తిని, కష్టమంటే ఏమిటో తెలియకుండా పెరిగిన చేపలవి. అందులోంచి ఒకటి తెప్పించి, ‘నల్లగట్టుపాలెం చెరువు’ అని చీటీ అంటించి, కిరీటి చేత పంపించేశారు. చేపకి చేప చెల్లు! పది రోజులకు రిపోర్టు వచ్చింది. సీసం లేదు, కాడ్మియం లేదు, చేప బ్రహ్మాండంగా ఉంది.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ పులుసు రుచి ఆయన నాలుక మీదే ఉండిపోయింది. ఆమోసుకి తాఖీదు వెళ్లింది: “ఒక్క చేపతో నిర్ధారణకు రాజాలము. శాంపిల్ చాలలేదు. మరొకటి పంపవలెను.”

ఆమోసు పంపాడు. మళ్లీ తాఖీదు వెళ్లింది. మళ్లీ పంపాడు. ఈసారైనా రిపోర్టు నిజం చెబుతుందని పిచ్చి ఆశ! నెలకొక అర్జీ, అర్జీకొక చేప. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, ఎండలో నడిచి వచ్చేవాడు. మూడేళ్లలో ముప్పయ్యారు చేపలు బెజవాడ చేరాయి. ముప్పయ్యారు చల్లపల్లి చేపలు పరీక్ష పాసయ్యాయి.

ఇంతలో డాక్టర్ మనోజ్ఞ అని ఒకమ్మాయి ఊడిపడింది. ఒక మెడికల్ కాలేజీలో పనిచేస్తుంది. ఎవరినీ అడగకుండా నేరుగా చెరువుకే వెళ్లి, వల వేయించి, చేపను అక్కడికక్కడే డబ్బాలో పెట్టి సీలు వేయించుకుని వెళ్లిపోయింది. చేపను చేపగానే లాబొరేటరీకి పంపడం! చదువుకున్న పిల్ల అలాంటి పని చేస్తుందని ఎవరనుకుంటారు?

ఆదివారం పొద్దున ఛాయాదేవి గారు పేపరు పట్టుకుని వంటింట్లోంచి వచ్చారు.

“ఏవండీ, నల్లగట్టుపాలెం చేపల్లో బోలెడంత సీసం ఉందట. తలకాయలో, కార్జంలో, ఎముకల్లో మరీ ఎక్కువట. తిన్నవాళ్లకి కడుపునొప్పి, కీళ్లనొప్పులు, నోట్లో ఇనప రుచి, మతిమరుపు వస్తాయని రాశారు.”

“మతిమరుపా?”

“మొన్న మా తమ్ముడి పేరు మర్చిపోయారు.”

“అది మతిమరుపు కాదు, అదృష్టం!” అని నవ్వబోయి, పేపరు లాక్కుని చూశారు. పొద్దున్న కాఫీ కూడా తాళంచెవి నాకినట్టే ఉంది. కీళ్లు ఆర్నెల్లుగా కటకటలాడుతున్నాయి. ప్రమోషన్ రాని బాధ అనుకున్నారు ఇన్నాళ్లూ! ఆయనకు చచ్చేంత భయం వేసింది.

రక్తపరీక్ష చేయించుకోవాలి. ఎక్కడ? బెజవాడలో ఏ లాబ్‌కి వెళ్లినా తెలిసినవాడే. “చేపలు మంచివన్నారుగా సార్, మరి సీసం పరీక్ష మీకెందుకండీ?” అని అడిగితే ఏం చెప్పాలి? సీసం తేలితే ముప్పయ్యారు రిపోర్టులూ అబద్ధమని తేలుతుంది, ఉద్యోగం ఊడుతుంది. పరీక్ష చేయించుకోకపోతే ప్రాణమే పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

అప్పుడే తెలిసింది, నల్లగట్టుపాలెంలో డాక్టర్ మనోజ్ఞ ఊరందరికీ ఉచిత రక్తపరీక్షల శిబిరం పెడుతోందని.

గళ్ల లుంగీ, తలకు తువ్వాలు, మూతికి మాస్కు. ఛాయాదేవి గారే కట్టి పంపారు. గెజిటెడ్ అధికారి బస్సులో నిలబడి వెళ్లి, చర్చి ఆవరణలో క్యూలో నిలబడ్డారు. జీవితంలో ఆయన క్యూ అనేదాన్ని ఈ చివర నుంచి చూడడం అదే మొదలు.

“పేరు?” అంది మనోజ్ఞ.

ఆయన మారుపేరు ఆలోచించుకోవడం మర్చిపోయారు! ఎదురుగా సిమెంటు బల్ల మీద ‘కీ.శే. శౌరయ్య జ్ఞాపకార్థం’ అని కనిపించింది.

“శౌరయ్యండి.”

“సంతకం వచ్చా?”

“రాదండి. చదువుకోలేదు.”

పేర్లు రాయిస్తున్న ఆమోసు తలెత్తి చూశాడు. మాస్కు పైన కళ్లను చూశాడు, లుంగీ కింద పాలిష్ మెరుస్తున్న బూట్లను చూశాడు. “రాసుకోండమ్మా, మావాడే,” అన్నాడు.

వారానికి ఫలితాలొచ్చాయి. ఊళ్లో మూడొందల పన్నెండు మంది రక్తం తీస్తే, మూడొందల పదకొండు మందికి ఏమీ లేదు. ఒక్క శౌరయ్య అనేవాడికి మాత్రం ఉండదగినదానికి పది రెట్ల సీసం!

మనోజ్ఞకు మతి పోయింది. “అదేమిటండీ? చెరువు నిండా విషం ఉంటే మీకెవరికీ ఎక్కలేదేం?”

“మేం ఆ చేప తిని మూడేళ్లయిందమ్మా,” అన్నాడు ఆమోసు. “పిల్లి మూతి పెట్టని చేప మనమెలా తింటాం? అమ్మడం కూడా మానేశాం. కాలువ పనులకి, కూలికి పోయి బతుకుతున్నాం. పట్టేది నెలకొక్కటే, ఆఫీసుకి శాంపిల్ కోసం.”

పై ఆఫీసు ఉలిక్కిపడింది. వెంటనే ఉత్తర్వు పంపింది. శౌరయ్య అనే వ్యక్తి నిజంగా ఉన్నాడా? ఉంటే అతను ఆ చెరువు చేపలే తిన్నాడా? మూడు రోజుల్లో విచారించి నివేదిక ఇవ్వాలి. చేపలు విషపూరితమని తేలితే గని నీళ్లు ఆపించి, సీసాన్ని ఒంట్లోంచి తీసేసే మందులు శౌరయ్య పేరు మీద ఉచితంగా పంపిస్తాం. విచారణాధికారి ఎవరంటే, చేపల విషయం కాబట్టి, వెంకటకృష్ణారావు గారే!

గిరిధన మినరల్స్ మేనేజరు ఫోన్ చేశాడు. “సార్, శౌరయ్య పోయి పద్నాలుగేళ్లయిందట. అలాంటి మనిషే లేడని ఒక్క ముక్క రాసేయండి. అయిపోతుంది.”

“అయిపోతుంది,” అన్నారు వెంకటకృష్ణారావు గారు నీరసంగా. “అదేనయ్యా నా భయం.”

మూడేళ్లు ముప్పయ్యారు చేపలతో తేలని సంగతి ఆయన ఏడు నిమిషాల్లో తేల్చేశారు. నివేదిక ఇలా ఉంది: “సదరు శౌరయ్యను స్వయముగా, సన్నిహితముగా విచారించితిని. సదరు వ్యక్తి ప్రతి నెలా ఆ చెరువు చేప తలకాయతో సహా తిన్నమాట వాస్తవము. ఈ విషయమున అతడు అబద్ధమాడు అవకాశము లేదు. అతని భార్య తీవ్ర ఆందోళన చెందుచున్నది. చేపలు విషపూరితములు. గని నీరు తక్షణము ఆపవలెను. మందులు అంతకన్నా తక్షణము పంపవలెను.”

గని నీళ్లు ఆగాయి. చెరువు శుభ్రం చేయడానికి మనుషులొచ్చారు. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. ముక్కూ మొహం తెలియని ఒక పేదవాడి కోసం పెద్ద కంపెనీని ఎదిరించిన అధికారి అని పేపర్లు రాశాయి. ఊళ్లో, ఆ చర్చి ఆవరణలోనే సన్మానం ఏర్పాటు చేశారు. వెంకటకృష్ణారావు గారు శాలువా కప్పించుకుని, “పేదవాడి ప్రాణం నా ప్రాణం కంటే వేరు కాదు!” అని గంభీరంగా ఉపన్యసించారు. జనం ఈలలు వేశారు. అది ఆయన జీవితంలో చెప్పిన అతి పెద్ద నిజమని పాపం వాళ్లకు తెలియదనుకున్నారు ఆయన.

తర్వాత మనోజ్ఞ మందుల డబ్బా పట్టుకుని మైకు దగ్గరికి వచ్చింది. “ఈ మందులు శౌరయ్య గారికి స్వయంగా అందజేయాలి. మొదటి మాత్ర నా ఎదురుగానే వేసుకోవాలి. శౌరయ్య గారు ఎక్కడున్నారు?”

రెండొందల మందిలో ఎవరూ లేవలేదు. అందరి చూపూ వేదిక మీదే ఉంది.

“రాలేదా? అయితే డబ్బా తిప్పి పంపేయాలండి, తప్పదు,” అంది మనోజ్ఞ.

వెంకటకృష్ణారావు గారు డబ్బా వంక చూశారు, జనం వంక చూశారు, మళ్లీ డబ్బా వంకే చూశారు. పక్కనే కూర్చున్న ఆమోసు ఆయన చెవిలో మెల్లగా అన్నాడు. “వెళ్లండయ్యా, పర్లేదు. మావాడేనని ఆ రోజే చెప్పానుగా.”

ఆయన లేచారు. శాలువా సర్దుకుని, డాక్టరు ఎదురుగా నిలబడి, చిన్నపిల్లాడిలా చెయ్యి చాచారు. చర్చి ఆవరణ అదిరిపోయేలా నవ్వులు! ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కిరీటి అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి, తర్వాత ఎందుకు కొట్టానా అని అటూ ఇటూ చూశాడు.

మనోజ్ఞ మాత్రం నవ్వలేదు. మాత్ర వేసి, నీళ్లు తాగించి, రిజిస్టరు ముందుకు జరిపింది. “మీకు సంతకం రాదని రాసి ఉందండి. ఇక్కడ వేలిముద్ర వేయండి. ఆ వేలిముద్ర శౌరయ్యదేనని కింద గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి.”

వెంకటకృష్ణారావు గారు ఎడమ బొటనవేలు ఇంకులో అద్ది ముద్ర వేశారు. వేలిని శాలువాకి తుడుచుకున్నారు. జేబులోంచి పచ్చ ఇంకు పెన్ను తీసి, దాని కిందే, “నా ఎదుట వేయబడినది” అని రాసి పొడుగ్గా సంతకం చేశారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో కళ్లారా చూసి ఆయన పెట్టిన మొదటి ధ్రువీకరణ సంతకం అదే.