ఒకటైతే వద్దు

కళ్లజోళ్లాయన వరండాలో నిలబడి ఎవరో ఆడపిల్లతో ఫోనులో మాట్లాడాడట. "పూర్తిగా పడుకోవడానికి వీలుంటుందా?" అని అడిగాడట. "ఇద్దరికీ పక్కపక్కనే కావాలి. ఒకటైతే వద్దు. మా ఆవిడకి ఇప్పుడే తెలియనివ్వకండి" అన్నాడట. పై అంతస్తులో ఉండే వకీలుగారి భార్య బట్టలు ఆరేస్తూ ఇదంతా చెవులారా విన్నదట. విని కడుపులో దాచుకోలేక ఎదురింటి సంగీతం టీచరుకి చెప్పిందట. సంగీతం టీచరు దానికి కాస్త శ్రుతి కలిపి, "ఈ వయసులో ఇదేం పోయేకాలం తల్లీ" అనే పల్లవితో సహా తీసుకెళ్లి, సాక్షాత్తూ ఆయన భార్య చెవినే వేసింది.

ఆ భార్య లైబ్రరీలో పనిచేస్తుంది. గొంతు పెంచకుండా ఎదుటివాళ్ల నోరు మూయించడం ఆవిడకు ఉద్యోగధర్మం. అంతా విని, "ఆయనకి అంత ఓపిక లేదులెండి. విమానం సంగతై ఉంటుంది" అంది.

సంగీతం టీచరు ముఖం వాడిపోయింది. అంత దూరం మోసుకొచ్చిన కబురు అలా చప్పగా చల్లారిపోతే ఎవరికైనా కష్టమే.

సాయంత్రం కళ్లజోళ్లాయన షాపు మూసి ఇంటికొచ్చి మంచినీళ్లు నోట్లో పోసుకుంటున్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చోకుండా గోడకానుకుని నిలబడింది. నడుం దెబ్బతిన్న దగ్గర్నించీ ఆవిడకు కూర్చోవడమంటే శిక్ష.

"వరండాలో ఎవరితోనో పడక గురించి మాట్లాడారట?"

అతనికి పొలమారింది.

"పడకేమిటి? సీటు! బిజినెస్ క్లాసు సీటు. మీట నొక్కితే మంచంలా చాచుకుంటుంది. నీ నడుం కోసమే కదా ఈ తిప్పలన్నీ!"

"అదే టీచరుకీ చెప్పాను. మరి నాకు తెలియనివ్వొద్దన్నారట?"

"నిన్ను ఆశ్చర్యపరుద్దామని."

"మిమ్మల్ని చూసి ఆశ్చర్యపోవడం మానేసి చాలా కాలమైంది. ఒకటైతే వద్దన్నారట. ఏమిటా ఒకటి?"

కళ్లజోళ్లాయన గ్లాసులోకి చూశాడు. జవాబు అందులో తేలుతుందేమో అన్నట్టు చూశాడు.

"దిండు" అన్నాడు.

"దిండా?"

"ఒక దిండే ఇస్తామన్నారు. నీకు నడుం కింద ఒకటి, తల కింద ఒకటి కావాలా? అందుకని, ఒకటైతే వద్దన్నాను."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. రోజూ ఊళ్లోవాళ్ల కళ్లలోకి లైటు వేసి చూసే మనిషి, పెళ్లాం చూపు ముందు రెప్ప వాల్చేశాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అదే అతనికి భయం.

అతను పాయింట్ల మనిషి. విమానాల కంపెనీ కార్డు ఒకటి తీసుకున్నాడు. దాన్ని గీకినప్పుడల్లా పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లు కుప్పగా పోగుపడితే టిక్కెట్టు వస్తుంది. ఇక అంతే. తోడల్లుడు ఫ్రిజ్ కొంటున్నాడంటే ఈయన కొట్టు గుమ్మంలో ప్రత్యక్షం. "నా కార్డు గీకుతాను, డబ్బు మెల్లగా ఇద్దువుగాని." సంగీతం టీచరు పళ్లసెట్టు ఈయన కార్డు మీదే వచ్చింది. ఆవిడ గమకాల్లో తనకీ భాగముందని ఈయన నమ్మకం.

ఆయన తండ్రి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, బిల్లు ఎవరు కట్టాలా అని అన్నదమ్ములు ముఖముఖాలు చూసుకుంటున్నారు. ఈయన "నేను కడతా" అంటూ పరుగెత్తాడు. తమ్ముడి మనసు చూసి అన్నలు కళ్లు తుడుచుకున్నారు. కౌంటరు దగ్గర ఈయన "దీనికి డబుల్ పాయింట్లు పడతాయా?" అని అడగడం వాళ్ల చెవిన పడలేదు, అదే మేలయింది.

ఇంత ఆరాటమూ వదినగారి ఊరు వెళ్లడానికే. ఆవిడ, అంటే అతని భార్యకు అక్క, సముద్రాల అవతల కూతురి దగ్గర ఉంటుంది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. బట్టలు కుట్టేది. మనిషి గుమ్మంలో అడుగు పెడుతుండగానే టేపు ముట్టకుండా కొలత చెప్పేది. మిగిలిన ముక్కలు అతికి చెల్లెలికి గౌన్లు కుట్టేది. అతుకు ఎక్కడుందో చెల్లెలికే తెలిసేది కాదు. పెళ్లయిన కొత్తలో అతన్ని చూసి, "మరిదిగారూ, మీ ఎడమ భుజం కిందికుంది. కోటు వేసుకుంటే పెద్దమనిషిలా కనపడతారు, విప్పితే మామూలే" అని ఏడిపించేది.

ఇప్పుడావిడకు మరుపు. ఊరికే వచ్చిపోయే మరుపు కాదు. వచ్చి ఇంట్లో కాపురం పెట్టింది.

చెల్లెలికి చూసిరావాలని ఉంది. కానీ ఎముకల డాక్టరు, అంతసేపు కూర్చుని ప్రయాణం చేస్తే మళ్లీ లేవవమ్మా అన్నాడు. పడుకుని వెళ్లాలి. పడుకునే సీటు కొనాలంటే కళ్లజోళ్ల షాపు అమ్మాలి. కాబట్టి పాయింట్లు.

అందులోనూ ఒక మెలిక. ఈయన కార్డు కంపెనీ విమానాలు వదినగారి ఊరు పోవు. దానితో పొత్తున్న ఇంకో కంపెనీ విమానాలు పోతాయి. ఈ పాయింట్లతో ఆ సీటు తీసుకోవచ్చు. కాకపోతే పొత్తు కంపెనీవాళ్లది వియ్యాలవారి మర్యాద. రండి రండి అంటారు, మంచి గదులు మాత్రం తాళం వేసుకుంటారు. పాయింట్లవాళ్లకని విమానానికి ఒక్క పడక సీటు వదులుతారు. రెండోది, వాళ్లకి బుద్ధి పుడితే, ప్రయాణం ముంచుకొచ్చాక వదులుతారు. పుట్టకపోతే లేదు.

భార్య అడిగినప్పుడల్లా ఈయన "సీట్లు లేవు" అనేవాడు. అబద్ధం కాదు. ఇద్దరికి లేవు. ఒకరికి ఉంది. ఇవాళ కాకపోతే రేపు, ఎప్పుడు చూసినా ఒకటి ఉంటూనే ఉంది. ఆ ఒకటి గురించి మాత్రం ఆయన ఇంట్లో నోరు విప్పలేదు.

దిండు అబద్ధం చెప్పాక అతనికి తొందర పుట్టింది. భార్య ఆరా తీసేలోగా రెండో సీటు సంపాదించాలి. బీమా ఏజెంటు స్నేహితుడు సలహా ఇచ్చాడు. "ఒకే ఫోనులో వెతికితే కంపెనీవాడు నీ ఆత్రం కనిపెట్టేస్తాడు. పదిమంది ఫోనుల్లోంచి వెతుకు."

పదిమంది ఫోన్లంటే షాపుకొచ్చేవాళ్లవే. ఒకాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "కింది వరస చదవండి, ఈలోగా మీ ఫోను ఓసారి ఇటివ్వండి" అన్నాడు. ఆయన కళ్లు చిట్లించి చదువుతున్నాడు. ఈయన ఫోను చూసి నిట్టూర్చి, "లాభం లేదు. మొత్తం పోయాయి" అన్నాడు.

కుర్చీలో ఆయన వణికిపోయాడు. "రెండు కళ్లూనా?"

"కళ్లు కాదండీ, సీట్లు!"

ఆ హడావిడిలో హెడ్మాస్టరు కళ్లజోడు బస్సు డ్రైవరుకీ, బస్సు డ్రైవరుది హెడ్మాస్టరుకీ వెళ్లిపోయాయి. హెడ్మాస్టరు వచ్చి షాపు ఎగిరిపోయేలా అరిచాడు. బస్సు డ్రైవరు రాలేదు. రాలేదనే అసలు భయం. కళ్లజోళ్లాయన షట్టరు సగం దించి, చేతిలో కళ్లజోడు డబ్బా పట్టుకుని, బస్టాండంతా పరుగెత్తి వెతికాడు.

"ఏంటో సార్, రోడ్డు వంకర్లు పోతోంది. బండిలో లోపమనుకుని మెకానిక్కుని తిడుతున్నా" అన్నాడు డ్రైవరు.

ఆ పూట వగర్చుకుంటూ ఇంటికి చేరేసరికి ముందుగదిలో సంగీతం టీచరు కూర్చుని ఉంది. వకీలుగారి భార్య దగ్గర నమ్మకం నిలబెట్టుకోవాలి కదా, మిగతా కథ కోసం వచ్చింది. భార్య నిలబడి ఫోనులో మాట్లాడుతోంది. అవతల అక్క కూతురు.

"మొన్న కత్తెర చేతికిస్తే అమ్మ ఇదేమిటే అని అడిగింది, పిన్నీ. నిన్ను మాత్రం మర్చిపోలేదు. పొద్దున్న లేస్తే 'చెల్లి వచ్చిందా' అంటుంది. ఎన్నాళ్లు అడుగుతుందో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. అడగడం మానేశాక నువ్వొచ్చి మాత్రం ఏం చేస్తావ్ పిన్నీ?"

"వస్తాను" అంది ఆవిడ. ఫోను పెట్టేసి కాసేపు కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. టీచరు పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

కళ్లజోళ్లాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకొక్క నెల ఓపిక పట్టు. పొత్తువాళ్లు ఆఖరి రోజుల్లో రెండోది వదులుతారు."

"ఆఖరి రోజులంటే, ఎవరివండీ?"

అతను జేబులో కార్డు తడుముకున్నాడు.

"కార్డు ఇటివ్వండి."

"ఎందుకు?"

"వెనకాల వాళ్ల నెంబరుంటుంది కదా."

"నీకెందుకా శ్రమ? వాళ్లు సంగీతం పెట్టి గంటలు గంటలు నిలబెడతారు."

"నేనెలాగూ నిలబడే ఉన్నాను."

కార్డు ఇవ్వక తప్పలేదు. ఆవిడ స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచింది. సంగీతం వచ్చింది. టీచరు అలవాటుగా తాళం వేయబోయి, అందరి ముఖాలూ చూసి చేయి వెనక్కి తీసుకుంది. సంగీతం ఆగి ఒక అమ్మాయి పలికింది.

"చెప్పండి మేడమ్."

"మా అక్క ఊరికి పడుకుని వెళ్లే సీటు కావాలమ్మా. పాయింట్లున్నాయి" అంటూ కార్డు నెంబరూ, ఊరి పేరూ చెప్పింది.

"ఎంతమందికి మేడమ్?"

ఆవిడ భర్త వైపు చూసింది. అతను రెండు వేళ్లు చూపించాడు. ఆవిడ ఆ వేళ్లని చూస్తూనే, "ఒక్కరికి" అంది.

కళ్లజోళ్లాయన వేళ్లు గాల్లో అలాగే ఉండిపోయాయి.

"ఒక్కరికైతే ఉంది మేడమ్. ఈ వారంలోనే ఉంది. పై వారం కూడా ఉంది."

"ఈమధ్యే వచ్చిందా?"

"లేదు మేడమ్, ఒకరికైతే దాదాపు ఎప్పుడూ ఉంటుంది. సార్ ఫోన్ చేసినప్పుడల్లా చెబుతూనే ఉన్నాం. సారే వద్దన్నారు. పోయిన ఏడాది నుంచీ చెబుతున్నాం."

టీచరు ఇంత పెద్ద కబురును ఎలా పట్టుకోవాలో తెలియక చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"దిండు కాదన్నమాట" అంది ఆవిడ.

"అది కాదే, నడుం నొప్పి మనిషివి. ఒక్కదానివీ ఎలా వెళ్తావ్?"

"నా నడుముకి కావలసింది పరుపండీ. మీరు కాదు."

"పోనీ ఇలా చేద్దాం" అన్నాడతను, మునిగిపోయేవాడిలా చేతులాడిస్తూ. "నీకు పడక సీటు, నాకు వెనకాల మామూలు సీటు. సగం దారి నువ్వు పడుకో. సగం దారి నేను..." భార్య ముఖం చూశాక మిగతా సగం గొంతులోనే ఆగింది.

"నిజం చెప్పండి. ఎందుకు దాచారు?"

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతిలో కార్డు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"ఇన్నేళ్లు పోగేశాను. ఊళ్లో ఎవరు ఏది కొన్నా వెంటపడి గీకాను. నవ్వారు, పడ్డాను. ఒక్కసారి ఆ సీట్లో కాళ్లు చాపుకోవాలని ఉండదా? నువ్వొక్కదానివీ వెళ్తే నేనెందుకు పోగేసినట్టు?"

"నాకోసమన్నారు కదా."



ఫోనులోంచి అమ్మాయి మెల్లగా అంది. "మేడమ్, ఖాతా సార్ పేరు మీద ఉంది. సీటు ఇవ్వాలంటే సార్ తన నోటితో ఒప్పుకోవాలి. సార్ ఉన్నారా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. అన్ని పాయింట్లు పోగేసినవాడు, పోగేసిందంతా ఒక్క మాటతో వదిలేయాలి.

"ఉన్నానమ్మా. ఇవ్వండి."

"ఒక్కరికే కదా సార్?"

"ఒక్కరికే."

"ఈసారి ఖాయమేనా సార్?" ఆ అమ్మాయి గొంతులో పాత అనుభవం పలికింది.

"ఖాయమే తల్లీ, మళ్లీ మళ్లీ అనిపించకు."

ఆ తర్వాతి రోజుల్లో కళ్లజోళ్లాయన తానెన్నడూ ఎక్కని సీటు గురించి భార్యకు పాఠాలు చెప్పాడు. మీట ఎటు వైపు ఉంటుందో, దుప్పటి ఎప్పుడిస్తారో, నిద్ర లేపొద్దని చెప్పడానికి ఏ బొమ్మ తగిలించాలో. ఆవిడ బట్టలు మడతపెడుతూ ఊఁ కొట్టింది. పెట్టె బరువు అతనే తూచాడు. జిప్పు అతనే బిగించాడు. చక్రాలకు నూనె కూడా వేశాడు. అతని మీద కోపం మొత్తం పోలేదు గానీ, అతను పెట్టె లాగి చూస్తూ గదంతా తిరుగుతుంటే ఆవిడకు నవ్వొచ్చింది, అటు తిరిగి నవ్వుకుంది.

బయల్దేరే ముందు అక్క కూతురు వీడియో కాల్ చేసింది. తెర మీద వదినగారు. జుట్టు పూర్తిగా నెరిసింది. చెల్లెల్ని చూడగానే ముఖం విప్పారింది. "వస్తున్నావుటే? జాకెట్టు భుజాల దగ్గర వదులుగా ఉంది, చిక్కిపోయావ్. నువ్వు రా, నేను సరిచేస్తాను."

"వస్తున్నానక్కా" అంది ఆవిడ. జాకెట్టు ఎంత వదులైందో తడిమి చూసుకుంది.

ఇదే అదును అనుకుని కళ్లజోళ్లాయన మధ్యలోకి దూరాడు. ఫోను తన వైపు తిప్పుకున్నాడు. భుజాలు సరిచేసుకుని, నవ్వు పెట్టుకుని, పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

"నమస్కారం వదినా! నేనూ వద్దామనే ఎంతో ప్రయత్నించాను. ఇద్దరికీ కలిపి సీట్లు దొరకలేదు. పోనీలే అని మీ చెల్లెల్ని ఒక్కదాన్నే పంపిస్తున్నాను. నేను రాలేదని మనసులో పెట్టుకోకండేం."

వదినగారు తెరకు దగ్గరగా జరిగింది. అతని ముఖమంతా తేరిపార చూసింది.

"నువ్వెవరో నాకు తెలీదు నాయనా. కాస్త పక్కకి జరుగు, మా చెల్లి కనపడటం లేదు."