కోడంబాక్కం ఎడారిలో రాతి తోరణం

మద్రాసు ప్రకృతి ఛాయాచిత్ర సంఘం వారు 1956వ సంవత్సరపు బంగారు పతకాన్ని ‘ఎడారిలో ఇసుకరాతి తోరణం’ అనే చిత్రానికి ప్రకటించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. తీసినవారు సంఘాధ్యక్షులు వెంకటపతిగారే కావడంతో న్యాయనిర్ణేతలకు చాలా శ్రమ తప్పింది.

పోటీకి అలాంటి చిత్రమే ఇంకొకటి వచ్చింది. పంపినవాడు కోడంబాక్కంలో సినిమాలకు స్టిల్సు తీసే జనార్దనం. ఏళ్ల తరబడి అట్టకిరీటాల రాజులను తీసి తీసి విసిగి, చచ్చేలోగా ఒక్క నిజమైన వస్తువునైనా ఫొటో తీయాలని రాజస్థాన్ ఎడారికి పోయాడు. అక్కడ గాలి తొలిచిన కొండ, దాని నడుమ ఆకాశం పట్టేంత కంత. ఎండ వాలేదాకా కెమెరాకు తడిగుడ్డ కప్పి, తాను మాడుతూ కూర్చున్నాడు పాపం.

న్యాయనిర్ణేతలు ఫొటో చూశారు, వెనక ఉన్న అడ్రసు చూశారు. కోడంబాక్కం నుంచి వచ్చిన కొండ నిజమైనదెలా అవుతుంది? పైగా తోరణం ఒక పక్కకు ఒరిగి ఉంది. ప్రకృతి ఇంత అజాగ్రత్తగా పని చేయదని తీర్మానించి తిప్పి పంపారు.

అంతకుముందే ఆ ఫొటో చూసి ముచ్చటపడ్డ ఒక నిర్మాత, వంకర సరిచేసి, ప్లాస్టరుతో అలాంటి తోరణమే స్టూడియోలో కట్టించాడు. చుట్టూ సముద్రపు ఇసుక పోయించాడు. షూటింగు చూడవచ్చిన వెంకటపతిగారు కారు దిగకుండానే ఫొటో తీసుకున్నారు. పతకం దానికే వచ్చింది.

“ప్రకృతిని పట్టాలంటే ప్రాణాలకు తెగించాలి!” అని వారు సభలో గద్గదస్వరంతో సెలవిచ్చారు. “ఆ మండుటెండలో నాలుక పిడచగట్టినా వెనుదిరగలేదు!” సభికులు కళ్లు తుడుచుకున్నారు. ఒకరు పరుగెత్తి సోడా తెచ్చారు. ఆ దృశ్యాన్ని ఫొటో తీయడానికి సంఘం వారు కుదుర్చుకున్న మనిషి జనార్దనమే. ఫొటో బాగా వచ్చింది.

“మీకు నోరు ల్యాదా? ఆడ్నే లేచి చెప్పుండకూడదా?” అని ఇంట్లో భార్య కనకవల్లి మండిపడింది.

“ఎవురు నమ్ముతారు కనకా? ఈడ కాపురముండేవాడు కొండనే మోసుకొచ్చినా అట్టతో చేసిందే అంటారు.”

ఆమె పంతంకొద్దీ ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది. వచ్చినవాళ్లంతా ఏ సినిమా సెట్టింగని అడిగేవారు. నిజమైన కొండ అని చెప్పినన్నాళ్లూ నవ్వి, కాఫీ తాగి పోయారు. ఇప్పుడు జనార్దనానికి తెలివి వచ్చింది.

“సెట్టింగే. అంతా అట్ట” అంటున్నాడు.

“ఏం పనితనమప్పా! అచ్చం నిజమైన కొండ మాదిరే ఉండాది!” అని వాళ్లు దగ్గరికి పోయి మురిసిపోతున్నారు.

పాఠకులు కూడా వెళ్లి చూడవచ్చు. కాఫీ ఇస్తారు. నిజం మాత్రం చెప్పరు. మీ సంగతి ఆయనకు తెలుసు.