తాలు మందు

1949 ఎండాకాలంలో నర్సింగరావు దొరవారి రక్తం తెల్లబడుతున్నదన్న శుభవార్త సిద్దిపేట తాలూకా అంతా పాకింది. శుభవార్త అనడానికి కారణం ఉంది. దొరవారు ఆరు నెలల కిందటే షేర్వాణీ విప్పి ఖద్దరు తొడిగారు, నెత్తిన తెల్లటోపీ పెట్టారు. పైనున్న తెలుపు లోపలికీ దిగిందంటే అది దేశభక్తి కాక మరేమిటని దొరవారి కోటలాంటి ఇంట్లో, గడిలో, అందరూ మురిసిపోయారు.

మురవనివాడు సిద్దిపేట డాక్టరు ఒక్కడే. దొరవారి రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి చూసి, గడికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. చదువుకున్నవాళ్లకు ఈ బలహీనత ఉంటుంది.

"ఇది నెత్తురుకొచ్చిన రాచపుండు దొరా. తెల్లకణాలు లెక్కకు మించి పెరిగినయి. ఎర్రకణాలు మస్తు తగ్గినయి."

రాచపుండు తమ హోదాకు తగిన జబ్బేనని దొరవారు తల పంకించారు. ఎర్రవి తగ్గాయన్న మాట మరీ నచ్చింది. ఎర్రజెండా వాళ్లకోసం మిలిటరీ ఊళ్లు గాలిస్తున్న రోజులవి. గాలింపు ఇంత లోతుగా సాగుతున్నదని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

"తగ్గనీ. వాటితోని ఏం పని?" అన్నారు.

"మీ ఊపిరిని మోసేటియి అవ్వే దొరా. గీ తెల్లవి పనిజెయ్యవు. మీరు తిన్నదాన్ని ముందుగాల అవే గుంజుకుంటయి, పెరుగుతయి, జాగంతా ఆక్రమిస్తయి. మోసేటియి పుట్టే సందే లేదు. గిట్లనే ఉంటే మీరు దసరా చూడరు."

దొరవారు పట్వారీ వైపు వంగి, "ఈయన ఎర్రజెండా సంఘంల కలిసిండా?" అని మెల్లగా అడిగారు. డాక్టరును మర్యాదగా వాకిలి దాటించారు.

తర్వాత వచ్చిన బంధువు ఒకాయన నీరసానికి మేక కార్జాన్ని, అంటే కాలేయాన్ని, మించింది లేదన్నాడు. వెట్టి రద్దయిందని సర్కారు చాటింపు వేసింది కనుక గడి ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇంటికో మేకను ఇష్టపూర్వకంగా ఇవ్వమని కోరింది, ఇష్టం లేనివాళ్ల పేర్లు మిలిటరీ క్యాంపుకు పంపుతామని మాత్రమే చెప్పింది. దొరవారు కార్జం తిన్నకొద్దీ చిక్కిపోయారు, చిక్కిపోయినకొద్దీ తిన్నారు. ఇందులో ఏదో తేడా ఉందని మేకలకు తప్ప ఎవరికీ తోచలేదు.

నెల తిరిగేసరికి వంతు బుచ్చవ్వకు వచ్చింది. గడి కళ్లంలో వడ్లు తూర్పారబట్టే ముసలిది. ఉన్నది ఒక్క మేక. తల్లి లేని మనవరాలు దాని పాలమీదే బతుకుతున్నది. బుచ్చవ్వ పొద్దున్నే సిద్దిపేటకు నడిచి డాక్టరును అడిగింది.

"కార్జం తింటే తెల్లవాటికే బలం అవ్వా," అన్నాడాయన. "బొంబాయి నుంచి కొత్త మందు తెప్పించిన. అది తిండి లెక్కనే ఉంటది గని తిండి గాదు. తెల్లవి నమ్మి మింగుతయి, పెరగలేక చస్తయి. మీ దొరకు ఎట్ల చెప్పాలె?"

"నేను చెప్త తియ్యి," అంది బుచ్చవ్వ.

మరునాడు గడిలో చేతులు కట్టుకుని నిలబడింది. "నీ బాంచెన్ దొరా, ఆ మందు వేరేది గాదు, తాలు. సూస్తే వడ్లే. లోపల గింజ ఉండది."

"గంత అలకగ మోసపోతయా అవి?"

"కూసోని తినేటోళ్లు గింజ ఇప్పి సూస్తరా దొరా? ఇరవై ఏండ్ల సంది మీ గడికి గదే కొలుస్తున్నం. ఒక్కనాడన్న తెలిసిందా?"

దొరవారు గోదాం వైపు ఒకసారి చూశారు. తర్వాత వైద్యశాస్త్రం మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. తమ మీదే ఇరవై ఏళ్లు పరీక్షించిన మందును కాదనడానికి కారణం కనిపించలేదు. కార్జం మానేశారు, మందు మింగారు, గోదాం తాళం తీయించి తాలు చెరిగించారు. దసరా నాటికి మొహంలో నెత్తురు కనిపించింది. ఇది గడువే గాని విడుదల కాదని డాక్టరు చెప్పాడు. ఆ గడువు మేకకు కూడా దక్కినందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది.

ఆ పండుగకే చుట్టుపక్కల ఊళ్ల దొరలమంతా కలిసి సిద్దిపేటలో పెద్ద సభ పెట్టి దొరవారికి సన్మానం చేశాం. ఆయన లేచి, "పనిజెయ్యకుండ తిని పెరిగేటోళ్లకు తాలే మందు" అని గర్జించారు. ముందు వరుస కుర్చీల్లో ఉన్న మేమందరం చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాం.

ఇంటికి వెళ్లాక మాత్రం, ఎవరికి వాళ్లం తలుపేసుకుని, మా గరిసెలోని వడ్లను గింజ గింజా విప్పి చూసుకున్నాం.