చవక దీపాల ఊరేగింపు

తెల్లవారేసరికి ఆకాశం తడిసిన గోనెపట్టాలా మొక్కజొన్న చేల మీదికి దిగివచ్చింది. వాన అనడానికి లేదు, కాదనడానికీ లేదు. ఆరు వారాలుగా చుక్క రాలని విల్లోఫోర్క్ కౌంటీలో ఆ ఉదయం ఐదింటి నుంచి సన్నగా తుంపర పడుతోంది. కోతకొచ్చిన చేలు తడుస్తుంటే రైతులు కిటికీల దగ్గర నిలబడి కాఫీ తాగుతూ ఏమీ మాట్లాడలేదు. అక్కడి రైతులు ఎండ కాసినా ఏమీ మాట్లాడరు.

కోర్టు భవనంలోని తన గదిలో షెరీఫ్ ఎల్డన్ హ్రూబీ ఎడమ దవడను అరచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా డిప్యూటీ డారెల్ వోసికా టోపీ నీళ్ళు విదిలిస్తూ నిలబడ్డాడు.

"ఇవాళ్టితో నెల అయిపోతుంది డారెల్. గుర్తుందా?"

"ఉంది సార్."

"సాయంత్రం ఆరింటికి బోర్డు మీటింగు. ఆ బూడిదరంగు కారు ఈ నెల్లో ఒక్కణ్ణయినా ఆపిందా అని మెర్విన్ అడుగుతాడు. ఏం చెప్పమంటావ్?"

"మధ్యాహ్నం లోపల ఆపుతా సార్."

"ఎవర్ని?"

"ఆ మెర్విన్‌నే."

షెరీఫ్ నవ్వబోయి దవడ పట్టుకుని మూలిగాడు.

మెర్విన్ క్లాసెన్ కౌంటీ ఖర్చులు మంజూరు చేసే బోర్డుకు అధ్యక్షుడు. పైసా రాల్చే మనిషి కాదు గానీ, పెట్రోలు విషయంలో మాత్రం ధారాళం. బడి దగ్గర నలభై అయిదు మైళ్ళకు మించకూడని రోడ్డు మీద తన ఎర్ర పికప్పు బండిని డెబ్బైలో తోలుతాడు. ఒకసారి పిల్లలు దిగుతున్న బస్సును కూడా దాటేశాడు. ఆ నేల చపాతీ పీటంత చదును. తలుపు మీద నక్షత్రం గుర్తున్న పోలీసు కారు రెండు మైళ్ళ అవతల ఉండగానే మెర్విన్ పసిగట్టి, పెళ్ళికూతుర్ని తీసుకొస్తున్నవాడిలా నెమ్మదిస్తాడు. అందుకే గుర్తుల్లేని కారొకటి కావాలని షెరీఫ్ మూడేళ్ళు అడిగాడు. బోర్డు చివరికి బూడిదరంగు పాత ఫోర్డు ఒకటి ఇచ్చింది, నెల గడువుతో. ఆ కారు వల్ల ఉపయోగం లేదని తేలితే వేలంలో అమ్మేస్తారు. ఆ కారు కోసం పుట్టించిన డారెల్ ఉద్యోగం కూడా దానితోనే పోతుంది. డారెల్‌కు ముప్పై ఎనిమిదేళ్ళు, ముగ్గురు పిల్లలు.

నెలలో మూడు వారాలు దానికి దీపాలు ఎంచడానికే సరిపోయాయి. షెరీఫ్ పెట్టిన షరతులు మూడే. ఆరి ఉంటే కనపడకూడదు. వెలిగితే మూడు చేల అవతలికి కనపడాలి. ధర వింటే మెర్విన్‌కు గుండె ఆగకూడదు. మొదటి రెండూ నెగ్గినవన్నీ మూడోదాని దగ్గర ఓడిపోయాయి. అద్దానికి రబ్బరు కప్పుతో అంటించే చవక రకం ఒకటి తెప్పిస్తే, మొదటి గతుకులోనే ఊడి డారెల్ ఒళ్ళో పడి అక్కడే మెరిసింది. ఇంకో రకం ముందున్న కారు మీద కంటే ఎక్కువగా అద్దం మీద పడి తిరిగి డారెల్ కళ్ళలోనే కొట్టింది. ఆ రోజు ఎవరి పొలం కంచె గుద్దాడో కూడా తనకు తెలియలేదన్నాడు.

చివరికి పక్క కౌంటీలో మూతపడుతున్న ఒక అంత్యక్రియల సంస్థ దగ్గర దొరికాయి. కారు ముందు గ్రిల్లు వెనక దాగే జత, వెనకద్దానికి బయట ఒక పట్టీ, అన్నీ కలిపి నలభై డాలర్లు. వెలిగితే పట్టపగలు నక్షత్రాలు కనపడతాయి.

"అవి ఊదారంగువి కదటోయ్? శవయాత్రలో ముందు నడిచే కారువి," అన్నాడు షెరీఫ్ అప్పట్లో.

"రంగు వేశా సార్. ఇటు ఎరుపు, అటు నీలం. ఆదివారం బడిలో పిల్లలు గాజు మీద వేస్తారే, ఆ రంగు."

"వానకి ఉంటుందా?"

డారెల్ కిటికీలోంచి ఎండిపోయిన ఆకాశాన్ని చూశాడు. "వానెక్కడ సార్?"

ఇవాళ తుంపర చూస్తూ కూడా ఆ మాట ఇద్దరూ మర్చిపోయారు. షెరీఫ్ పంటి నొప్పిలో, డారెల్ ఉద్యోగ భయంలో. షెరీఫ్ తన కారును కోర్టు ముందే వదిలి, భార్య కారులో పక్క ఊరి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డారెల్ బడి రోడ్డు మీద ధాన్యం గోదాము పక్కన కారు ఆపి కాపు కాశాడు. రెండు గంటల పాటు తుంపర ఆ దీపాలను ఓపిగ్గా కడిగింది.

పదిన్నరకు ఎర్ర పికప్పు దూసుకుపోయింది. రాడార్ మీద డెబ్బై ఒకటి. డారెల్ చలానా కాగితం మీద అంకె రాసుకుని, మీట నొక్కి, వెంటపడ్డాడు. సైరన్ లేదు. అది వచ్చే ఏడు చూద్దామని బోర్డు చెప్పింది.

ఎదురొస్తున్న పాల లారీ చటుక్కున రోడ్డు పక్కకు తప్పుకుని ఆగింది. డ్రైవరు టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు. తరవాత వచ్చిన ట్రాక్టరు రైతు కూడా దిగి నిలబడి తల వంచాడు. ఇప్పటిదాకా డారెల్‌కు టోపీ తీసినవాడు లేడు. 'మంచి దీపాలు కొన్నాం,' అనుకున్నాడు.

అన్నిటికంటే వింత, ఎర్ర పికప్పు కూడా నెమ్మదించింది. రోడ్డు వారగా చేలోకి దిగే దారి ఉన్న ఒక్క చోటు చూసుకుని ఆగింది. మెర్విన్ కిందికి దిగి, తుంపరలో బట్టతల తడుస్తుండగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డారెల్ అతని వెనక ఆపుదామని అద్దంలో చూశాడు. వెనక ఆరు కార్లు, ఒక ధాన్యం లారీ, తుంపర కదా, అన్నీ దీపాలు వేసుకుని, అంటుకున్నట్టు వస్తున్నాయి. రెండు వైపులా కాలువ. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే అవన్నీ వచ్చి వీపున ఎక్కుతాయి. చేసేది లేక డారెల్ మెర్విన్‌ను దాటిపోయాడు. మెర్విన్ తిరిగి పికప్పెక్కి, గంటకు పదిహేను మైళ్ళ వేగంతో వరస చివర చేరాడు.

డారెల్ రేడియో అందుకున్నాడు. కోర్టు భవనంలో రేడియో చూసుకునే లవాన్ పలికింది.

"నాయనా డారెల్, నీ వెనక ఊరు ఊరంతా వస్తోందేంటి? ఇక్కడ కిటికీలోంచి కనపడుతోంది."

"లవానమ్మా, నా దీపాలు ఏ రంగులో ఉన్నాయి?"

"వంకాయ రంగు."

శవయాత్ర దీపం కనపడితే ఆగి టోపీ తీయడం, వెనక చేరడం ఆ కౌంటీలో మర్యాద. డారెల్ అద్దంలో వరసను మళ్ళీ చూశాడు.

"ఎవరూ పోలేదమ్మా! రంగు కారిపోయింది!"

"ఆ సంగతి వెనకున్న వాళ్ళకి చెప్పు నాయనా, నాకెందుకు? అయ్యో, మన కోర్టు కాపలా ముసలాయన అప్పుడే జెండా సగానికి దించేస్తున్నాడు. ఆగు, ఆగు... దించేశాడు."

డారెల్ మీట ఆపేశాడు. వెంటనే వెనక కారువాడు దీపాలు కొట్టి, హారను చిన్నగా మోగించాడు. కూడలిలో ఆగినప్పుడు ఆ మనిషే దిగివచ్చి కిటికీ దగ్గర వంగాడు.

"నీ దీపాలు ఆరిపోయాయి డారెల్. ఇలాంటప్పుడు అలా ఉండకూడదు."

"అన్నా, అసలు ఏం జరిగిందంటే..."

"ఏం చెప్పకు. నాకు తెలుసు. గుండె దిటవు చేసుకో." చేయి లోపలికి పెట్టి డారెల్ భుజం నొక్కి వెళ్ళిపోయాడు.

అతనికి ఏమీ తెలియదు. కానీ విల్లోఫోర్క్‌లో ఎవరు పోయారని అడగడం మహా తప్పు. అడిగితే, ఆ ఇంటికి మనం పరాయివాళ్ళమని ఒప్పుకున్నట్టే. అందుకని ఎవరూ అడగరు. అందరూ తెలిసినట్టే తల ఆడిస్తారు. శవపేటిక ముందే వెళ్ళిపోయి ఉంటుందని వెనకవాళ్ళూ, వెనక వస్తూ ఉంటుందని ముందువాళ్ళూ అనుకున్నారు. డారెల్ మళ్ళీ దీపాలు వేశాడు. ఆర్పి ఉంచే ధైర్యం అతనికి లేకపోయింది.

చర్చి వంటగదిలో బెర్నడీన్ అనే పెద్దావిడ ఉంది. ఆ ఊళ్ళో నలభై ఏళ్ళుగా పోయినవాళ్ళందరి భోజనాలూ ఆమె చేతి మీదుగానే నడిచాయి. ఆమె కిటికీలోంచి చూసింది. ముందు పోలీసు డారెల్. కోర్టు మీద సగం దిగిన జెండా. కోర్టు ముందు షెరీఫ్ కారు ఉంది, షెరీఫ్ లేడు. నిన్న కిరాణా కొట్టులో అతను ఎడమ దవడ పట్టుకుని కనిపించాడు. అరవై దాటిన మగాడికి ఎడమ దవడ లాగిందంటే అది గుండేనని ఆమెకు ఇద్దరు మొగుళ్ళు నేర్పిపోయారు.

"అయ్యో ఎల్డన్!" అని కళ్ళొత్తుకుని, పొయ్యిలు రెండూ వెలిగించింది.

దారిలో కూడళ్ళన్నీ అగ్నిమాపక స్వచ్ఛంద సేవకులు అడ్డంగా నిలబడి ఆపేశారు. తెరిచి ఉన్న దారి ఒక్కటే, అది చర్చికి. గుమ్మంలో పాస్టరు గొడుగు పట్టుకుని, పుస్తకంలో సరైన పేజీకి వేలు పెట్టుకుని ఉన్నాడు. ఆయనా అడగలేదు. నలభై రెండు కార్లు ఆగాయి. డారెల్ మెట్ల మీద నిలబడి, "అందరూ ఒక్క మాట వినండి," అన్నాడు. టోపీ తీశాడు. అది చూసి ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఏడ్చారు. ఎవరో అతన్ని పట్టుకుని కింది హాల్లోకి నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ళెం చేతికిచ్చారు. బెర్నడీన్ హ్యామ్ అనే పంది మాంసం ముక్కలు, చీజు వేసి కాల్చిన బంగాళదుంపలు, ఆకుపచ్చ జెల్లీ వడ్డించింది.

"బెర్నడీనమ్మా, షెరీఫ్‌గారు..."

"తెలుసు బాబూ. తిను. మనిషి పోయాక మిగిలేది తిండే."

బెర్నడీన్ వడ్డించిన ప్రతి పళ్ళెంతో పాటు ఎల్డన్ పేరూ హాలంతా పాకింది. మెర్విన్ క్లాసెన్ లేచాడు. బోర్డు అధ్యక్షుడు కాబట్టి నాలుగు మాటలు చెప్పక తప్పదు. టోపీని చేతుల్లో తిప్పాడు.

"ఎల్డన్ నన్ను చాలా అడిగాడు. నేను చాలాసార్లు కాదన్నాను," అన్నాడు. "చివరిగా ఆ బూడిదరంగు కారు ఒక్కటి ఉంచమన్నాడు. ఇవాళ సాయంత్రం దాన్ని అమ్మిద్దామనే అనుకున్నా. దాచడం ఎందుకు? ఇప్పుడు మీ అందరి ముందూ చెప్తున్నా. ఆ కారు ఉంటుంది. డారెల్ ఉంటాడు. సైరన్ కూడా కొందాం. మంచిది. కొత్తది."

హాలంతా తలలు ఊగాయి. అందరూ విన్నారు. బోర్డులోని తక్కిన ఇద్దరు సభ్యులూ మూడో బల్ల దగ్గరే ఉన్నారు, వాళ్ళ తలలూ ఊగాయి.

డారెల్ నిజం చెబుదామని నోరు తెరిచాడు. ముగ్గురు పిల్లలు గుర్తొచ్చారు. తెరిచిన నోట్లో బంగాళదుంప పెట్టుకుని మూశాడు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. షెరీఫ్ ఎల్డన్ హ్రూబీ దిగి వస్తున్నాడు. ఊళ్ళోకి రాగానే సగం దిగిన జెండానీ, చర్చి ముందు కార్లనీ చూశాడాయన. అందరిలాగే ఆయనా ఎవర్నీ అడగలేదు. భార్యను కారులో ఉండమని, దువ్వెనతో జుట్టు సరిచేసుకుని, టోపీ గుండెకు ఆనించుకుని, దుఃఖంగా లోపలికి వచ్చాడు. పెదవుల మధ్య నుంచి దూది కనపడుతోంది. ఎడమ బుగ్గ ఆపిల్‌పండంత ఉంది.

బెర్నడీన్ చేతిలోంచి గరిటె జారి జెల్లీలో నిలబడింది. ఎవరూ కేకవేయలేదు. అక్కడ కేకలు వేసే అలవాటు లేదు. షెరీఫ్ పళ్ళెం తీసుకుని, మెర్విన్ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, ఓదార్పుగా అతని మోకాలు తట్టాడు. చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. దూది వల్ల మాట రాక, జేబులోంచి పెన్ను తీసి కాగితపు రుమాలు మీద రాసి బల్ల మీద ముందుకు తోశాడు.

'ఎవరు పోయారు?'

ఆ ప్రశ్న ఆ రోజు విల్లోఫోర్క్‌లో పుట్టడం అదే మొదలు. రుమాలు చేతులు మారుతూ బల్లంతా తిరిగింది. చదివిన ప్రతివాడూ పక్కవాడి వైపు చూశాడు, పక్కవాడు తన పళ్ళెం వైపు చూసుకున్నాడు. చివరికది డారెల్ దగ్గరికి వచ్చింది. డారెల్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి ఇంకో కాగితం తీసి, లేచి వెళ్ళి, మెర్విన్ పళ్ళెం పక్కన పెట్టాడు. చలానా. డెబ్బై ఒక మైళ్ళు, బడి రోడ్డు, పదిన్నర.

మెర్విన్ చలానా చూశాడు. షెరీఫ్ బుగ్గ చూశాడు. తన మాట విన్న ఊరంతటినీ ఒకసారి చూశాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు నెమ్మదిగా బట్టతల దాకా పాకింది. ఆ తరవాత చలానా మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఫోర్కు అందుకుని, హ్యామ్ ముక్క కోసుకున్నాడు.

మిగతావాళ్ళూ ఫోర్కులు అందుకున్నారు. వండింది వృథా చేయడం ఆ ఊళ్ళో ఎవరు పోయారని అడగడం కంటే పెద్ద తప్పు. బెర్నడీన్ షెరీఫ్‌కు మాత్రం జెల్లీ పెట్టింది, నమలక్కర్లేదని. నూటపాతిక మంది పళ్ళేలు ఖాళీ చేశారు.

ఆ రోజు కౌంటీ పోగొట్టుకున్నది షెరీఫ్‌గారి పన్ను ఒక్కటే.