నాలుగు నిమ్మకాయల ఒప్పందం

ఆ శనివారం పొద్దున చక్రపాణి వేసుకున్న పథకంలో పని అనేదే లేదు. తాముండే పార్సిప్పనీ ఊరి నుంచి రేసు ట్రాక్‌కి వెళ్ళాలి, ట్రెయిలర్ మీంచి కారు దించాలి, దాని పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మధ్యాహ్నం దాకా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు, పోటీలు నడిపే లీగ్ ఆఫీసు గడప తొక్కకూడదు. పది జట్ల ఓనర్లూ కలిసి వేసుకున్న ఒట్టు అది. ఊరికే కూర్చోవడంలో కూడా పొరపాటు జరుగుతుందని ఎవరనుకుంటారు?

గొడవ పాతదే. చూడటానికి రోడ్డు మీద తిరిగే కార్లలాగే ఉండి, గుండ్రటి ట్రాక్ మీద ప్రాణాలకు తెగించి తిరిగే స్టాక్ కార్ల పోటీలు అవి. కార్లు ఓనర్లవి, టైర్లు ఓనర్లవి, విరిగిన బంపర్లూ ఓనర్లవే. రేసు ఆన్‌లైన్‌లో చూపించినందుకు వచ్చే డబ్బు మాత్రం లీగ్‌ది. అందులో వాటా అడిగితే లీగ్ ప్రెసిడెంట్ హాలిస్ కొత్త ఒప్పందం పంపాడు. వాటా లేదు సరికదా, శనివారం మధ్యాహ్నంలోగా సంతకం పెట్టని జట్టు చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడట.

"పెళ్ళి ఖర్చంతా మనదీ, చదివింపులు వాళ్ళవీనా?" అని చక్రపాణి తల్లి ధనమ్మ ఒక్క ముక్కలో కేసు తేల్చేసింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన చక్రపాణి ఈ రొంపిలోకి దిగింది కూతురు రిషిత కోసం. కాలేజీలో చదువుతూ ఆ కారు నడిపేది ఆ పిల్లే. అందరూ ఆడపిల్లలకి కూచిపూడి నేర్పిస్తుంటే నీకిదేం పిచ్చి అని స్నేహితులు చెవినిల్లు కట్టుకుని పోరారు. కానీ మొదటి రేసు ముగించి హెల్మెట్ తీసినప్పుడు రిషిత మొహంలో వెలుగు చూశాక అతను ఇంకెవరి మాటా వినలేదు. ఇప్పుడు ఒట్టు తప్పితే వాటా పోతుంది. ఒట్టుమీద నిలబడ్డా లీగ్ దిగిరాకపోతే రిషిత సీటే పోతుంది. వారం రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు.

కారు దించగానే, మనవరాలితో పాటు వెంట వచ్చిన ధనమ్మ సంచి విప్పింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు బయటికొచ్చాయి.

"కొత్త రంగు వేయించావు. పూజ చేయకుండా పిల్లని ఎక్కిస్తావా? రాహుకాలం కూడా వెళ్ళిపోయింది" అంటూ బానెట్‌కి బొట్లు పెట్టి, ఒక్కో టైరు ముందు ఒక్కో నిమ్మకాయ పెట్టింది. "ఊఁ, ఇక బండి ముందుకి నడపండి."

చక్రపాణి కారుకి అడ్డం వచ్చాడు. "అమ్మా, ఇంజన్ ఆన్ చేయకూడదే! చేత్తో తోసేద్దాం."

"తోపుడు బండికి పూజేమిట్రా, అపశకునం! నీకు పిల్ల ప్రాణం ముఖ్యమా, మీ ఒట్టు ముఖ్యమా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగల కొడుకు ఇంకా పుట్టలేదు.

"నాన్నా, జస్ట్ కొంచెం మూవ్ చేస్తా. ఎవరు చూస్తారు?" అంటూ రిషిత, తలుపులు తెరుచుకోని ఆ రేసు కారులోకి కిటికీలోంచి దూరింది.

చూడనవసరం లేదు. ఆ ఇంజన్ మోగితే పక్క ఊళ్ళో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. నిమ్మకాయలు నాలుగూ చితికాయి. వరసగా కుర్చీల్లో కూర్చున్న ఓనర్లందరూ లేచి నిలబడ్డారు. వాళ్ళకి నిమ్మకాయలు కనబడలేదు. చక్రపాణి కారు ట్రాక్ వైపు కదలడం మాత్రమే కనబడింది.

అందరిచేతా ఒట్టు వేయించిన పెద్దమనిషి డ్వేన్, గ్యారేజీ నడుపుతూ తల నెరిసినవాడు. "చక్రా! నువ్వు సంతకం పెట్టేశావా?" అని అరిచాడు.

"లేదు డ్వేన్! ఇదంతా లెమన్స్ కోసం! ఓన్లీ లెమన్స్!"

అబద్ధం చెప్పదలిచినవాడు ఇంతకంటే నమ్మదగిందే చెబుతాడన్న ఆలోచన పాపం డ్వేన్‌కి రాలేదు. ఒకడు లొంగిపోతే ఇక మిగిలినవాళ్ళకి వాటా ఎలాగూ రాదు, ఉన్న చోటైనా కాపాడుకోవాలి కదా. అతను ఆఫీసు వైపు నడిచాడు. అది చూసి ఇంకొకడు అంతకంటే గబగబా నడిచాడు. మూడోవాడు పరుగు అందుకున్నాడు. ఆ తర్వాత నడిచినవాడు లేడు.

"ఆగండి! అది పూజ!" అంటూ చక్రపాణి వాళ్ళ వెనక పరిగెత్తాడు.

"హారతి కళ్ళకద్దుకోకుండా ఎక్కడికిరా?" అంటూ ధనమ్మ కొడుకు వెనక బయల్దేరింది. ఒక చేతిలో కర్పూరం మండుతున్న పళ్ళెం, ఇంకో చేతిలో ఇంకా కొట్టని కొబ్బరికాయ.

పరిగెడుతూనే చక్రపాణి గమనించాడు. అందరి చేతుల్లోనూ ఒప్పందం కాగితాలున్నాయి. సంతకం పెట్టేదే లేదన్నవాళ్ళు వాటిని ట్రాక్ దాకా ఎందుకు మోసుకొచ్చినట్టు? అతనికి ఒళ్ళు మండింది. అంతలోనే తన చెయ్యి తన జేబునే తడుముతోందని తెలిసింది. ఎందుకైనా మంచిదని పొద్దున తనే అందులో అదే కాగితం పెట్టుకున్నాడు. చెప్పలేనంత సిగ్గేసింది. వీళ్ళకీ ఇళ్ళల్లో ఒక్కో రిషిత ఉంటుంది కాబోలు అనుకుంటే కోపం కాస్తా జాలిగా మారింది.

హాలిస్ అప్పుడే కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికొచ్చాడు. ఓనర్లంతా కాగితాలు ఊపుతూ తన మీదికి పరిగెత్తుకొస్తున్నారు. వాళ్ళ వెనక ఒక పెద్దావిడ నిప్పు పట్టుకుని, ఇనప గుండులాంటిదేదో ఎత్తి పట్టుకుని వస్తోంది. అతని ఆఫీసు గోడలూ కప్పూ అన్నీ చెక్కవే.

తలుపు తీసి రెండు చేతులూ పైకెత్తేశాడు. "ఆగండి! వాటా ఇస్తాను! మూడో వంతు ఇస్తాను! ముందు ఆవిడని ఆపండి!"

పరుగు ఆగిపోయింది. లొంగిపోదామని వచ్చినవాళ్ళకి ఎదుటివాడు ముందే లొంగిపోతే ఏం చేయాలో తెలియలేదు. కాగితాలు ఒక్కొక్కటే మెల్లగా వెనక జేబుల్లోకి జారుకున్నాయి.

"సగం" అన్నాడు డ్వేన్ రొప్పుతూ.

హాలిస్ నోరు తెరిచేలోగా ధనమ్మ రానే వచ్చింది. కర్పూరం ఆరిపోయేలా ఉంది, గట్టి రాయి అంటూ ఆఫీసు మెట్టే కనబడింది. కొబ్బరికాయ ఎత్తి ఫెడీమని కొట్టింది.

"సరే, సగం!" అన్నాడు హాలిస్.

అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. అందరూ ప్రసాదం తిన్నారు. డ్వేన్ చక్రపాణి భుజం మీద చెయ్యేసి, "చూశావా చక్రా, అందరం కలిసి నిలబడితే ఏమవుతుందో!" అన్నాడు. నిలబడ్డవాడు ఒక్కడూ లేడనీ, అందరూ పరిగెత్తినవాళ్ళేననీ చక్రపాణికి తెలుసు. డ్వేన్‌కీ తెలుసు. ఇద్దరూ కొబ్బరి నములుతూ ఊరుకున్నారు.

సాయంత్రం ఇంటికి వస్తూ రిషిత అడిగింది. "నాన్నా, నువ్వెందుకు రన్ చేశావ్? వాళ్ళని ఆపడానికా, సైన్ చేయడానికా?"

"మొదట ఆపడానికే" అన్నాడు చక్రపాణి.

తర్వాత దేనికని రిషిత అడగలేదు. అలా అడగకుండా ఉన్నందుకు అతనికి కూతురి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఇప్పుడు అక్కడ కార్లన్నీ నిమ్మకాయలు తొక్కితేగానీ రేసు మొదలవదు. ఆ నిమ్మకాయల ఖర్చు ఓనర్లు భరించాలా, లీగ్ భరించాలా అన్న విషయం మీద చర్చలు ఇంకా జరుగుతున్నాయి.