ఇంకుకు మొహమాటం లేదు

అచ్చులో రంగులు మారిపోయాయని ప్రెస్సు వాళ్ల మీద ఎగిరిపడే పాఠకులారా, ముందు వాళ్లకు శాలువా కప్పండి! ఈ లోకంలో మొహమాటం లేకుండా నిజం చెప్పేది ఒక్క ఇంకు మాత్రమే.

కంప్యూటర్లో దొరబాబులా ఉన్న పెళ్లికొడుకు ఫ్లెక్సీలో పసుపు ముద్దలా వచ్చాడా? నలుగు ఖర్చు కలిసొచ్చింది! పోస్టరులో నాయకుడి ముఖం నల్లబడిందా? ఇచ్చిన హామీలు గుర్తొచ్చి ఉంటాయి!

నమ్మకం లేకపోతే ఇబ్రహీంపట్నం బాలరాజ్ సంగతి వినండి. రావిర్యాల దగ్గర ఒక వెంచర్లో ప్లాట్లు అమ్మిపెట్టే మీడియేటర్ అతను. ఈ ఆదివారం ఒక్క బుకింగైనా తేకపోతే కంపెనీ సాగనంపుతానంది. అందుకే కొత్త బ్రోచర్ మీద ఆశలన్నీ పెట్టుకున్నాడు. ప్రెస్సు నడిపే సునంద, ఒక కాయితం అచ్చు తీస్తా, వచ్చి చూసుకోమంటే తీరిక లేదన్నాడు. ఫోన్‌కే పంపమని, ఎండలో నిలబడి, వెలుతురు మొత్తం పెంచుకుని చూసి సూపర్ అనేశాడు.

అచ్చయి వచ్చిన కట్టలు విప్పి చూశాడు. ఫోన్‌లో నిగనిగలాడిన పచ్చిక ఎండుగడ్డి అయింది. వెంచర్ పక్కనున్న కుంటలో నీలి నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. మ్యాపులో అయితే కుంట రంగూ ప్లాట్ల రంగూ ఒకటైపోయి మధ్య గీతే మాయమైంది! తెర తన వెలుగుతో తానే మెరుస్తుందని, కాయితం మీది ఇంకుకు ఆ మెరుపు రాదని సునంద నచ్చజెప్పింది. వింటే కదా! మళ్లీ వేయిద్దామంటే తెల్లారితే ఆదివారం.

సైటు చూడటానికి కోటేశ్వరి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి సిటీ శివారులో అద్దెకుంటున్న టీచరమ్మ. సొంతిల్లు ఆవిడ కల. బ్రోచర్‌ను నేలకు ఆనించి చూసింది. ఎండుగడ్డికి ఎండుగడ్డి, చాయ్ రంగుకు చాయ్ రంగు! ఇన్ని వెంచర్లు తిరిగినా ఉన్నది ఉన్నట్టు అచ్చేసినవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని మురిసిపోయి, సంతకానికి పెన్ను తీసింది. మ్యాపు దగ్గర ఆగింది.

"మీ మాట నమ్ముతానండీ. కుంట ఎక్కడ అయిపోతుంది, మా ప్లాటు ఎక్కడ మొదలవుతుంది?"

ఆవిడ ప్లాటు ఉన్నచోటే బాలరాజ్ చిన్నప్పుడు ఈత నేర్చుకున్నాడు. పొట్ట అబద్ధం చెప్పమంటోంది, ఆవిడేమో నమ్మానంటోంది. నిజంగానే సిగ్గేసింది.

"ఆ గీత ఫోన్లనే ఉన్నదమ్మా. మంచిగ వాన పడితె ఇదంత కుంటనే."

పెన్ను మళ్లీ సంచిలోకి వెళ్లింది.

కంపెనీకి బుద్ధి రాకుండా ఉంటుందా? అచ్చు బ్రోచర్లు మానేసింది. చెట్లను కాపాడాలట! బాలరాజ్‌ను కూడా మాన్పించింది. ఇప్పుడన్నీ నేరుగా మీ ఫోన్‌కే వస్తున్నాయి. అందులో గీత చక్కగా ఉంది. కుంట కూడా ఎంత నీలంగా, ఎంత దూరంగా ఉందంటే, గడప దాటి వంటింట్లోకి వచ్చేదాకా దాన్ని ఎవరూ అనుమానించరు.