తనకు తానే పుట్టిన ఆబోతు

ఆ పొద్దున పశువుల శాఖ ఆఫీసులో జయచంద్ర అనుకున్నది చిన్న పనే. పుంగనూరు పొట్టి పశువుల వివరాలు తొమ్మిది వేలు అతని కంప్యూటర్లో ఉన్నాయి. వాటి తల్లిదండ్రులను బట్టి ఏ ఆబోతు మేలైనదో లెక్కగట్టి, మధ్యాహ్నానికల్లా కుప్పంలోని పై అధికారికి జాబితా పంపాలి. పనికిరాదన్న ఆబోతుకు పటకారుతో విత్తులు కొట్టేస్తారు. కంప్యూటరేమో మూడు రోజులు పడుతుందంది. జయచంద్రకు ఒళ్లు మండింది.

"ఆ పన్నెండంకెల చెవి ట్యాగు నంబర్లు మోయలేకనే ఇది ఈడుస్తాండాది. తీసి పారెయ్! పేర్లు సాలు," అని గుమాస్తా గిరిబాబు మీద ఎగిరాడు.

"సార్, పేర్లయితే..."

"సెప్పింది సెయ్యప్పా!"

గిరిబాబు చేశాడు. ఒకే పేరున్న పశువులన్నీ ఒకే పశువైపోయాయి. లెక్క నాలుగు నిమిషాల్లో ముగిసింది. జయచంద్ర జాబితా చదవకుండానే పంపేసి కాఫీ తెప్పించుకున్నాడు. ఆ సీమలో తండ్రి బసవడైతే కొడుకూ బసవడే, పక్కింటి కోడెదూడా బసవడే. పేడ తొక్కినవాడెవడికైనా తెలిసిన సంగతి ఇది. ఏసీ గదిలో కూర్చున్న ఈ పెద్దమనిషికి తెలియదు.

మూడో రోజు చౌడమ్మ అనే ఆమె నోటీసు పట్టుకుని ఆఫీసులో ఊడిపడింది. ఆమెకున్నది ఒక్క ఆబోతు. ఎదకొచ్చిన ఆవులను చుట్టుపక్కల వాళ్లు దాని దగ్గరికే తోలుకొస్తారు, ఇల్లు గడిచేది దానితోనే.

"ఏమప్పా, నా బసవడికి నాయన వాడేనంట! రక్తం సెడిందంట! తనకు తానే పుట్టిన ఎద్దు యాడన్నా ఉండాదా? మీవోళ్లు పటకారుతో వాకిట్లో ఉండారు, నా కోడలు కొడవలితో అడ్డం నిలబడి ఉండాది!"

జయచంద్ర గిరిబాబును తిట్టబోయేంతలో ఫోన్ మోగింది. బి.కొత్తకోట పుట్టింటి నుంచి భార్య నీరజ.

"మా నాయన ఆబోతు బసవడి మీదకీ పటకారుతో వచ్చినారు. సంతకం నీదంట! ఏం మనిషివి నువ్వు?"

ఆ ఫోన్ పెట్టేశాడో లేదో కుప్పం అధికారి ఫోన్. "ఒక్క ఆబోతుకు ఒకే ఏడాదిలో పదకొండు వందల దూడలా? అదీ తొమ్మిది మండలాల్లో? బస్సెక్కి తిరిగిందా?"

జయచంద్ర గొంతు పోయేదాకా ఫోన్లు చేసి పటకార్లన్నీ వెనక్కి పిలిపించాడు. ఆ తర్వాత గిరిబాబు మళ్లీ నంబర్లు చేర్చాడు. కంప్యూటర్ నిదానంగా మూడు రోజులు తిరిగి, అన్నిటికంటే మేలైన ఆబోతు చౌడమ్మదేనని తేల్చింది. ఆ కబురు చెప్పడానికి జయచంద్రే వెళ్లాల్సి వచ్చింది.

"సంతోషమప్పా," అంది చౌడమ్మ, కోపం తగ్గకుండానే. "మళ్లా తికమక పడతారని వీడి పేరు మార్చేసినా. ఈ సుట్టుపట్ల ఇంకే ఎద్దుకూ లేని పేరు." కొట్టం వైపు తిరిగి కేకేసింది. "ఒరే జయచంద్రా, లెయ్! సారొచ్చినాడు."

ఒక్క కేకకే ఆబోతు లేచి నిలబడింది. ఆ పేరుగలవాడు ఇంకొకరి మాట వినడం అదే మొదలు.